షోలో కుక్క ఒంటి మీద నల్లచుక్కలు: ముందు నూనె, సున్నిపిండి పక్కన పెట్టండి

ప్రశ్న: మేం టెక్సస్‌లో, శాన్ ఆంటోనియోలో ఉంటాం. మావారితో పనిచేసే మెక్సికన్ మిత్రుడి ఇంట్లో షోలోయిట్స్‌క్వింట్లి (షోలో అనే బొచ్చులేని మెక్సికన్ జాతి) కుక్క పిల్లల్ని పెడితే ఒక మగపిల్లను తెచ్చుకున్నాం. మిరియం అని పేరు పెట్టాం. ఇప్పుడు ఏడు నెలలు, 14 కిలోలు. నడినెత్తిన నాలుగు పోచలు, తోక చివర కాస్త తప్ప ఒంటి మీద వెంట్రుక లేదు. ఒళ్లంతా నలుపు, ఛాతీ మీద మాత్రం అరచేయంత గులాబీ మచ్చ ఉంది. నెల నుంచి వీపు మీద ఆవగింజల్లాంటి నల్లచుక్కలు వస్తున్నాయి. కొన్ని చీము పట్టాయి. రాజమండ్రి నుంచి వచ్చిన మా అత్తగారు ఇది గజ్జేనంటూ వారానికి మూడుసార్లు కొబ్బరినూనె పట్టించి, ఊరి నుంచి తెచ్చిన సున్నిపిండితో నలుగు పెట్టి స్నానం చేయిస్తున్నారు. పది రోజులుగా తన దురద క్రీము కూడా రాస్తున్నారు. దీనికి పళ్లు కూడా సరిగా రాలేదు. కోరపంటి పక్కన ఒక పాలపన్ను ఊడకుండా అలాగే ఉంది. మావారికి ఆస్తమా. ఈ కుక్కను ఒళ్లో పడుకోబెట్టుకుంటే తగ్గుతుందని పక్కింటావిడ అంటోంది. ఎండకు, చలికి ఎంత జాగ్రత్త పడాలి? ఇది నిజంగా మూడు వేల ఏళ్ల నాటి జాతేనా? ఇలాంటిదే ఒక ఆడకుక్కను తెచ్చి జత కడితే అన్నీ బోడిపిల్లలే పుడతాయా?
- ఒక పాఠకురాలు

సమాధానం: ముందు ఆ క్రీము ఆపండి. తర్వాత సున్నిపిండి, ఆపైన కొబ్బరినూనె. మూడూ ఈ రోజే ఆగిపోవాలి. మిరియానికి వచ్చింది ఈ జాతిలో మామూలుగా వచ్చే యుక్తవయసు మొటిమలే అయ్యుండే అవకాశం ఎక్కువ. అయితే చూసి చెప్పగలిగే విషయం కాదిది, పరీక్ష కావాలి. మీ అత్తగారి అనుమానాన్ని కొట్టిపారేయకండి. డెమోడెక్స్ అనే కంటికి కనిపించని పురుగు వల్ల వచ్చే గజ్జి కూడా ఏడాదిలోపు కుక్కపిల్లల్లో సరిగ్గా ఇలాగే, నల్లచుక్కలతోనే మొదలవుతుంది.

వెటర్నరీ డాక్టరు దగ్గర రెండు పరీక్షలు అడగండి. మొదటిది స్కిన్ స్క్రేపింగ్. డెమోడెక్స్ పురుగులు రోమకూపాల లోపల ఉంటాయి కాబట్టి చర్మాన్ని వేళ్లతో నొక్కి పట్టి, సన్నగా నెత్తురు చెమ్మ కనిపించేదాకా బ్లేడుతో గీకి మైక్రోస్కోపు కింద చూడాలి. పైపైన గీకితే దొరకవు. రెండోది సైటాలజీ. చీము పొక్కు మీద గాజుపలక గానీ, పారదర్శక టేపు గానీ అద్ది, బాక్టీరియా ఉందో, ఈస్టు ఉందో చూస్తారు. రెండూ అక్కడికక్కడే తేలిపోతాయి. ఇవి చేయకుండా యాంటీబయాటిక్ మాత్రలు రాసిస్తే ఎందుకని అడగండి. మొటిమల్లో బాక్టీరియా లేకపోతే ఆ మాత్రలతో పని లేదు. ఉంటే, పైపూత మందుకు లొంగకపోతే, కోర్సు వారాల తరబడి పూర్తిగా వాడాలి.

డెమోడెక్స్ మనుషులకు అంటదు. మరో రకం గజ్జి, సార్కోప్టెస్, అంటుతుంది. మిరియం రాత్రింబవళ్లు గోక్కుంటున్నా, చెవుల అంచులు, మోచేతులు పొలుసులు కడుతున్నా, మీలో ఎవరికైనా ముంజేతుల మీద దురద పొక్కులు వచ్చినా ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. మొటిమలకు సాధారణంగా దురద ఉండదు. ఉత్తరంలో మీరు గోకుడు ప్రస్తావించకపోవడం మంచి సూచనే.

క్రీము సంగతి. మన ఊళ్లలో మందుల షాపుల్లో చీటీ లేకుండా ఇచ్చే దురద క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. ట్యూబు మీద క్లోబెటసాల్, బీటామెథసోన్, మోమెటసోన్ అన్న పేర్లలో ఏది కనిపించినా అదే. కుక్క చర్మాన్ని స్టెరాయిడ్ పలచబరుస్తుంది, నల్లచుక్కల్ని తానే పుట్టిస్తుంది, డెమోడెక్స్ ఉంటే దానికి ఎదురు లేకుండా చేస్తుంది. రెండు మూడు రోజులు ఎరుపు తగ్గి గుణం ఇచ్చినట్టే కనిపిస్తుంది, అక్కడే అందరూ మోసపోతారు. బొచ్చు లేని కుక్క తన ఒంటిని తేలిగ్గా నాకగలదు కాబట్టి రాసిన దాంట్లో కొంత కడుపులోకీ పోతుంది. నీళ్లు విపరీతంగా తాగుతున్నా, మూత్రం ఎక్కువ పోస్తున్నా గమనించండి. డాక్టరు దగ్గరికి ఆ ట్యూబు పట్టుకెళ్లండి. ఇంట్లో ఎవరైనా సోరియాసిస్‌కు కాల్సిపోట్రియాల్, చర్మం మచ్చలకు ఫ్లోరోయురాసిల్ క్రీములు వాడుతుంటే వాటిని కుక్కకు అందని చోట పెట్టండి. ఆ రెండూ కొద్దిగా నాకినా ప్రాణం మీదికి తెస్తాయి.

ఇక ఆ చుక్కలు ఎందుకు వస్తాయంటే, షోలోకు వెంట్రుకలు రాలిపోలేదు, అసలు సరిగా తయారే కాలేదు. ఫాక్స్‌ఐ3 అనే జన్యువులో ఏడు అక్షరాల డీఎన్ఏ ముక్క ఒకటి రెండుసార్లు పడింది. 2008లో ఈ సంగతి బయటపడింది. చైనీస్ క్రెస్టెడ్‌లోనూ, పెరూ దేశపు బోడి కుక్కలోనూ ఉన్నది ఇదే మార్పు. దీనివల్ల రోమకూపాలు అరకొరగా ఏర్పడతాయి. నూనె గ్రంథులు మాత్రం పనిచేస్తూనే ఉంటాయి. మామూలు కుక్కలో ఆ జిడ్డు వెంట్రుక వెంబడి పైకి వచ్చేస్తుంది. ఇక్కడ దానికి దారి లేదు. జిడ్డు, చచ్చిన చర్మకణాలు కలిసి రంధ్రంలోనే బిరడాలా గట్టిపడి, గాలి తగిలి నల్లబడతాయి. ఏడెనిమిది నెలల వయసులో హార్మోన్లు పొంగినప్పుడు జిడ్డు మరింత ఊరుతుంది. ఒకటిన్నర, రెండేళ్లు దాటాక చాలావాటిలో తగ్గుముఖం పడుతుంది.

అలాంటి రంధ్రాల మీద కొబ్బరినూనె పడితే ఏమవుతుందో ఇక వేరే చెప్పక్కర్లేదు. నూనె నాకితే విరేచనాలు కూడా. సున్నిపిండిది మరో రకం తంటా. పప్పుల పిండి గరుకు, మొటిమ తలలు చిదిమి చీము పట్టిస్తుంది. మిగిలిన పిండి రంధ్రాల్లో కూరుకుపోతుంది. అంతకంటే ముఖ్యం, అందులో బావంచాలు కలిపారేమో మీ అత్తగారిని అడగండి. కచ్చూరాలతో పాటు బావంచాలు వేసి పట్టించడం మన ఇళ్లలో మామూలే. బావంచాల్లో సోరలెన్ అనే పదార్థం ఉంటుంది. అది అంటిన చర్మానికి ఎండ తగిలితే మామూలుకంటే ఎన్నో రెట్లు కమిలిపోతుంది, బొబ్బలెక్కుతుంది. టెక్సస్ ఎండలో, ఛాతీ మీద గులాబీ మచ్చ ఉన్న బోడి కుక్కకు ఇంతకంటే కూడనిది లేదు.

ఆవిడను తప్పు పట్టాల్సిన పని మాత్రం లేదు. ఈ కుక్కకు ఏదో ఒకటి పూయాలన్న ఆరాటం ఇప్పటిది కాదు. 16వ శతాబ్దంలో మెక్సికోలో ఉన్న స్పానిష్ సన్యాసి బెర్నార్దినో దె సహగూన్, షోలోలకు చిన్నప్పుడు ఓషిట్ల్ అనే బంక పూస్తారనీ, దాంతో వెంట్రుకలు ఊడిపోతాయనీ రాసుకున్నాడు. పుట్టుకతోనే అలా ఉంటాయని చెప్పినవాళ్ల మాటా ఆ పక్కనే నమోదు చేశాడు. వాళ్లదే నిజం. రాత్రిళ్లు వీటికి దుప్పట్లు కప్పి పడుకోబెడతారని కూడా రాశాడు. ఆ సలహా మాత్రం ఈనాటికీ పనికొస్తుంది.

స్నానం ఎలాగో వివరంగా చెబుతాం. స్క్రేపింగ్‌లో పురుగులు లేవని తేలితే, కుక్కల కోసం తయారైన బెంజాయిల్ పెరాక్సైడ్ షాంపూ తెచ్చుకోండి. గాఢత 2.5 నుంచి 3 శాతం. మనుషుల మొటిమలకు దొరికే 5, 10 శాతం జెల్లులు వద్దు, చర్మం పేలిపోతుంది. గోరువెచ్చని నీళ్లతో, అంటే మీ మణికట్టుకు వేడిగానీ చల్లగానీ అనిపించని నీళ్లతో, ఒళ్లంతా తడపండి. షాంపూను నేరుగా వీపు మీద పోయకుండా అరచేతిలో నురగ చేసి, చుక్కలున్న చోట వేళ్ల కొసలతో నెమ్మదిగా పట్టించండి. తర్వాత గడియారం చూసుకుంటూ పది నిమిషాలు ఉంచాలి. మందు రంధ్రంలోకి దిగి బిరడాను కరిగించడానికి ఆ మాత్రం సమయం కావాలి. రెండు నిమిషాల్లో కడిగేసి షాంపూ పనిచేయలేదనేవాళ్లే ఎక్కువ. ఆ పది నిమిషాలు కుక్క వణకకుండా బాత్రూమ్ వెచ్చగా ఉంచండి, తినడానికి ఏదైనా నాకుడు పళ్లెంలో పెట్టి దాని దృష్టి మళ్లించండి. నురగ కళ్లలోకి పోనివ్వకండి. కడగడం రెండు మూడు నిమిషాలు పట్టాలి. చంకలు, గజ్జలు, వేళ్ల సందుల్లో నురగ మిగిలితే అక్కడే దద్దుర్లు వస్తాయి. రుద్దకుండా మెత్తని తువ్వాలుతో అద్దండి. బెంజాయిల్ పెరాక్సైడ్ తగిలిన రంగుబట్టలు తెల్లబడతాయి, తువ్వాలు తెల్లదే వాడండి.

మొదటి రెండు మూడు వారాలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికొకసారి, చుక్కలు తగ్గాక పది పదిహేను రోజులకొకసారి చాలు. సైటాలజీలో బాక్టీరియా కనిపిస్తే డాక్టరు 3 లేదా 4 శాతం క్లోర్‌హెక్సిడీన్ షాంపూ ఇవ్వవచ్చు. దానికీ ఇదే పద్ధతి, ఇదే పది నిమిషాలు. మధ్య రోజుల్లో మట్టి అంటితే తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. మనుషుల సబ్బు, మన షాంపూలు వాడకండి. కుక్క చర్మం మన చర్మంలా ఆమ్లగుణం ఉన్నది కాదు. మన ఒంటికి కుదిరేలా చేసిన సబ్బులు దాన్ని ఎండగడతాయి, ఎండిన చర్మం మీద పొలుసులు లేచి అవే మళ్లీ రంధ్రాలకు అడ్డం పడతాయి.

మొటిమల్ని గిల్లకండి. ఎంత చేయి లాగినా సరే. పైకి రావలసిన జిడ్డు ముద్ద లోపలికి పగిలితే ఒళ్లు దాన్ని బయటి వస్తువుగా లెక్కగట్టి ఎర్రగా, గడ్డకట్టి, నెలల తరబడి మానని పుండు చేస్తుంది.

మందు స్నానం తర్వాత చర్మం పొడిబారినట్టనిపిస్తే వాసన లేని, నూనె లేని, నీటి ఆధారంగా చేసిన తేలికైన లోషన్ బఠాణీ గింజంత తీసుకుని వీపంతా పలచగా రాయవచ్చు. రాశాక చేయి జారుతోందంటే ఎక్కువైనట్టే. లనోలిన్ ఉన్నవి వద్దు. టీ ట్రీ ఆయిల్ అసలే వద్దు, కుక్కలకు అది విషం. టాల్కం పౌడరు కూడా మానేయండి. పక్కగుడ్డలు వారానికొకసారి వాసన లేని డిటర్జెంటుతో ఉతకండి, మెత్తదనానికి వేసే ద్రావణాలు పోయకండి.

ఎండ గురించి. నల్ల చర్మం కొంతవరకు తనను తాను కాపాడుకుంటుంది. ఎండకు నల్లబడుతుంది, చలికాలంలో రంగు కాస్త తేలుతుంది, దానికి కంగారు పడనక్కర్లేదు. ఛాతీ మీద గులాబీ మచ్చకు మాత్రం ఆ రక్షణ లేదు. షోలోలు ఎండలో వెల్లకిలా పడుకోవడానికి తెగ ఇష్టపడతాయి, సరిగ్గా ఆ మచ్చే ఆకాశం చూస్తుంది. ఏళ్ల తరబడి కమిలిన రంగులేని చర్మం మీద పొలుసుల పుండ్లు, ఆ తర్వాత చర్మ క్యాన్సర్ వచ్చే ప్రమాదం నిజంగా ఉంది. ఉదయం 10 నుంచి సాయంత్రం 4 వరకు ఎండలో వదలకండి. తప్పనిసరైతే ఛాతీ, పొట్ట కప్పే పలచని చొక్కా తొడగండి. నాకి పోగొట్టుకోలేదు కాబట్టి లోషన్ కంటే చొక్కా నయం.

సన్‌స్క్రీన్ రాయాల్సి వస్తే కుక్కలకని తయారైనదే కొనండి. జింక్ ఆక్సైడ్, సాలిసిలేట్లు ఉన్నవి పనికిరావు. జింక్ కడుపులో ఎక్కువగా పడితే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. మచ్చ మీద, చెవుల కొసల మీద, ముక్కు మీద రంగు తక్కువ ఉంటే అక్కడ, బయటికి వెళ్లడానికి ఇరవై నిమిషాల ముందు రాసి, ఆరేదాకా నాకకుండా చూడండి. సాయంత్రం తడిగుడ్డతో తుడిచేయండి, లేదంటే అదీ రంధ్రాల్లో చేరుతుంది.

ఉష్ణదేశపు జాతి కదా, వేడికి తట్టుకుంటుందనుకోవద్దు. ఒంటితో చెమట పోసి చల్లబడతాయన్న మాట నిజం కాదు. మిగతా కుక్కల్లాగే నాలుక బయటపెట్టి రొప్పడమే దీనికీ దారి. బొచ్చు చలినే కాదు, ఎండ వేడిని కూడా అడ్డుకుంటుంది. అది లేని నల్ల చర్మం ఎండలో త్వరగా కాగుతుంది. తారురోడ్డు మీద మీ అరచేయి వెనక్కి తిప్పి ఏడు సెకన్లు ఆనించి చూడండి. ఉంచలేకపోతే దాన్నీ నడిపించకండి.

చలికి హద్దు సుమారు 10 డిగ్రీల సెల్సియస్, అంటే 50 ఫారన్‌హీట్. అంతకంటే తగ్గితే బయటికి వెళ్లేటప్పుడు స్వెట్టరు కావాలి. వాన, గాలి తోడైతే 15 డిగ్రీలకే. ఒంటికి నూలు పొర, పైన ఫ్లీసు వేయండి. ఉన్ని నేరుగా తగిలితే కొన్నింటికి దద్దుర్లొస్తాయి. ఇంట్లోకి రాగానే విప్పేయండి. పగలూ రాత్రీ చొక్కా ఒంటి మీదే ఉంటే రాపిడికి, చెమ్మకు మళ్లీ అవే నల్లచుక్కలు, ముఖ్యంగా మెడ దగ్గర, చంకల్లో. మీ ఊళ్లో మంచు పెద్దగా పడదు నిజమే గానీ, 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో రోజుల తరబడి కరెంటు పోయినప్పుడు ఇళ్లలోనే మనుషులు గడ్డకట్టుకుపోయారు. అలాంటి రోజుకు రెండు మందపాటి ఫ్లీసు చొక్కాలు, ఒక దుప్పటి సంచి తీసి పెట్టుకోండి. హీటింగ్ ప్యాడ్ మీద దీన్ని నేరుగా పడుకోబెట్టకండి. మధ్యలో బొచ్చు లేదు, చర్మం నెమ్మదిగా కాలుతున్నా వెచ్చగా ఉందని అది లేవదు. గది హీటరుకు ఆనుకుని గంటలకొద్దీ పడుకునే కుక్కల ఒంటి మీద వలలాంటి గోధుమరంగు మచ్చలు పడేది అందుకే.

దీన్ని పట్టుకుంటే వేడిగా తగలడానికీ కారణం ఇదే, మధ్యలో బొచ్చు లేకపోవడం. లోపలి ఉష్ణోగ్రత ఏ కుక్కకైనా ఉండేదే, 101 నుంచి 102.5 ఫారన్‌హీట్. మెక్సికోలో ఊళ్లల్లో కీళ్లనొప్పులకు, కడుపునొప్పికి దీన్ని పక్కన పడుకోబెట్టుకోవడం పాత అలవాటు. వేడి కాపడంగా అది పనిచేస్తే చెయ్యొచ్చు. ఆస్తమాకు మాత్రం కాదు. ఎలర్జీ తెప్పించేది కుక్క బొచ్చు కాదు, దాని ఉమ్ములో, చర్మపు పొట్టులో ఉండే ప్రొటీన్లు. ఎలర్జీ రాదని పేరుపడ్డ జాతులున్న ఇళ్లలో కొలిచి చూసినా ఆ ప్రొటీన్లు తక్కువేమీ లేవు. షోలోకు బొచ్చు రాలదు కాబట్టి ఇల్లు శుభ్రంగా ఉంటుంది, అంతవరకే. మీవారికి కుక్కల ఎలర్జీ ఉందో లేదో పరీక్ష చేయించండి. పడకగదిలోకి రానివ్వకండి, ఇన్‌హేలర్ మానేయనివ్వకండి.

పళ్ల గురించి మీరు భయపడాల్సింది కొంతే. చర్మం, పళ్లు పిండంలో ఒకే పొర నుంచి పుడతాయి. ఆ జన్యువు రెండింటినీ ముట్టుకుంటుంది. మామూలు కుక్కకు 42 శాశ్వత దంతాలుండాలి. బోడి షోలోకు పెద్ద దవడపళ్లకు ముందుండే చిన్న దవడపళ్లు చాలావరకు ఉండవు, నోటి ముందరి పళ్లు కొన్ని, ఒక్కోసారి కోరపళ్లు కూడా ఉండవు. అది రోగం కాదు, ప్రదర్శనల్లో కూడా దీన్ని తప్పుగా లెక్కించరు. మరి పన్ను అసలు లేదా, లేక చిగురు కింద చిక్కుకుపోయిందా అన్నది మాత్రం ఎక్స్‌రేతోనే తెలుస్తుంది. చిక్కుకున్న పన్ను చుట్టూ నీటితిత్తి పెరిగి దవడ ఎముకను తినేస్తుంది. బయటికి ఏళ్లపాటు ఏమీ కనిపించదు. కోరపంటి పక్కన మిగిలిన పాలపన్నును మామూలుగా అయితే తీయించాలి. రెండు పళ్ల సందులో మెతుకులు ఇరుక్కుని అసలు పన్ను కుళ్లుతుంది, లేదా పక్కకు వంగుతుంది. అయితే పాలపన్ను తీసేముందు దాని కింద శాశ్వత దంతం ఉందో లేదో ఎక్స్‌రేలో చూడమనండి. ఈ జాతిలో అది లేకపోవచ్చు. అప్పుడు ఆ పాలపన్ను గట్టిగా ఉన్నంతకాలం ఉంచుకోవడమే మేలు.

ఉన్న పళ్లను కాపాడుకోవాలంటే రోజూ బ్రష్ చేయాలి. మనుషుల పేస్టు వాడకండి, కొన్నింట్లో ఉండే జైలిటాల్ అనే తీపి పదార్థం కుక్కల్ని చంపుతుంది. దుప్పికొమ్ములు, ఎముకలు, ఐసుముక్కలు నమలనివ్వకండి. ఈ పళ్ల వేళ్లకు పట్టు తక్కువ. గట్టి మేతను పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో నానబెడితే ఇబ్బంది ఉండదు. మన పప్పన్నం, కూరల్లో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి కాబట్టి మీ అత్తగారు ప్రేమగా పెట్టే ముద్ద కూడా ఆపాలి.

చెవులు వారానికోసారి చూడండి. లోపల వెంట్రుకలు లేకపోవడంతో దుమ్ము నేరుగా దిగి గులిమి చేరుతుంది. కుక్కల చెవి ద్రావణం పోసి, చెవి మొదట మెత్తగా నొక్కి, దూదితో కనిపించినంత మేరే తుడవండి. పుల్లలు పెట్టకండి.

బయట తిరిగేటప్పుడు మీ ప్రాంతపు నిప్పుచీమల పుట్టల దగ్గరికి పోనివ్వకండి, దాని పొట్టకు ఏ అడ్డూ లేదు. దోమలు మరీ ప్రమాదం. గుండె పురుగుల్ని మోసుకొచ్చేవి అవే. టెక్సస్‌లో ఆ పురుగులు పట్టకుండా వేసే మందు ఏడాది పొడవునా నెలనెలా ఇవ్వాలి, ఏడు నెలలు నిండాయి కాబట్టి ఒకసారి రక్తపరీక్ష కూడా చేయించండి. గోమార్లు, పేలు, పిడుదులకు మెడ మీద వేసే చుక్కల మందు చర్మపు జిడ్డులో కలిసి ఒళ్లంతా పాకుతుంది. వారానికి రెండుసార్లు మందు షాంపూ పెట్టే కుక్కకు అది నిలవదు. నోటితో ఇచ్చే బిళ్ల గురించి డాక్టరును అడగండి. డెమోడెక్స్ ఉన్నట్టు తేలినా ఆ రకం బిళ్లల్లో కొన్ని దానికీ పనిచేస్తాయి.

ఈ జాతి ఎంత పాతదన్న సంగతి. పశ్చిమ మెక్సికోలో కొలిమా ప్రాంతపు సమాధుల్లో దొరికిన బొద్దు మట్టికుక్కలు క్రీస్తుపూర్వం 300, క్రీస్తుశకం 300 నడుమవి. వాటిలో చాలావాటిని షోలోలుగానే గుర్తిస్తారు. చచ్చినవాళ్ల ఆత్మలు మిక్ట్లాన్ అనే పాతాళం దాటడానికి కుక్క తోడుండాలన్నది ఆజ్టెక్‌ల నమ్మకం. షోలోట్ల్ దేవుడి తల కుక్క తల. మూడు వేల ఏళ్లన్న లెక్క తరచూ వినిపిస్తుంది, జన్యు మార్పు అంత పాతదై ఉండటంలో వింత లేదు. ఈనాటి షోలో ఒంట్లో ఉన్న నెత్తురంతా పాతదే అనుకోవడం మాత్రం పొరపాటు. 2018లో వెలువడిన డీఎన్ఏ పరిశోధన ప్రకారం యూరోపియన్లు వచ్చాక అమెరికా ఖండాల పాత కుక్కల వంశాలు దాదాపుగా తుడిచిపెట్టుకుపోయాయి. షోలో కూడా ఒక దశలో కనుమరుగయ్యేలా ఉంటే 1950లలో నార్మన్ పెల్హామ్ రైట్ అనే ఆయన బృందం మారుమూల పల్లెలు తిరిగి కుక్కల్ని వెతికి తెచ్చి జాతిని నిలబెట్టింది. అమెరికన్ కెన్నెల్ క్లబ్ 1959లో దీన్ని జాబితాలోంచి తీసేసి, మళ్లీ 2011లో చేర్చుకుంది.

జత కట్టే ప్రశ్నకు జవాబు, కాదు. బోడితనపు జన్యువు ఒక్క వైపు నుంచి వస్తే కుక్క బోడిగా పుడుతుంది. రెండు వైపుల నుంచీ వస్తే పిండం కడుపులోనే చనిపోతుంది. అంటే బతికున్న ప్రతి బోడి షోలోలోనూ ఒక మామూలు ప్రతి దాగి ఉంటుంది, మీ మిరియంలో కూడా. రెండు బోడి కుక్కల్ని కలిపితే నాలుగు పిండాల్లో సగటున ఒకటి నిలవదు. పుట్టిన పిల్లల్లో మూడింట రెండు వంతులు బోడివి, ఒక వంతు నిండా బొచ్చున్నవి. బోడిదాన్ని బొచ్చున్న షోలోతో కలిపితే సగం సగం, పిండాలు పోవు. తెలిసినవాళ్లు ఈ దారే పడతారు. బొచ్చున్న షోలో కల్తీది కాదు, దాని పళ్లు కూడా నిండుగా ఉంటాయి. అమెరికన్ హెయిర్‌లెస్ టెర్రియర్ లెక్క ఇందుకు పూర్తిగా వేరు. దాని జన్యువు వేరు, రెండు బోడివాటికి బోడివే పుడతాయి, పళ్లు తక్కువ కావు. ఇంటర్నెట్‌లో ఈ రెండు జాతుల సంగతులూ కలగాపులగం చేసేస్తుంటారు. మొటిమలు, చీము ఇంకా కుదుటపడని ఏడు నెలల కుక్కతో సంతానం ఆలోచన ఇప్పుడు అనవసరం. బొచ్చున్న పిల్లలకు ముందే ఇళ్లు దొరుకుతాయన్న నమ్మకం లేకపోతే ఎప్పటికీ అనవసరమే.

పాలపన్నుకు, ఎక్స్‌రేకు ఎలాగూ మత్తు ఇవ్వాలి. ముందు చర్మం మీద చీము తగ్గనివ్వండి. మత్తులో ఏ కుక్కకైనా ఒళ్లు చల్లబడుతుంది, బొచ్చు లేనిదానికి ఇంకా త్వరగా. ఆస్పత్రిలో చేర్చేటప్పుడే చెప్పండి: మత్తు ఇచ్చినప్పటి నుంచి పూర్తిగా మేలుకునేదాకా ఉష్ణోగ్రత కొలుస్తూ ఉండాలి, వెచ్చగాలి దుప్పటి వాడాలి, ఎలక్ట్రిక్ ప్యాడ్ ఒంటికి తాకనివ్వకూడదు, కాలికి గట్టిగా అంటుకునే టేపు వేయకుండా మెత్తని చుట్టుడు కట్టు కట్టాలి. ఇంటి నుంచి దాని ఫ్లీసు చొక్కా ఒకటి ఇచ్చి, స్పృహలోకి రాగానే తొడగమనండి.